నల్లగొండ లేత్ షాపులో చేయించిన ట్రిమ్ చక్రం: ఆరు నెలలు వాడాక

నా ఫ్లైట్ సిమ్యులేటర్ (కంప్యూటర్లో విమానం నడిపే ప్రోగ్రామ్) కోసం నల్లగొండలో ఒక లేత్ షాపులో ట్రిమ్ చక్రం, అంటే చెయ్యి వదిలినా విమానం ముక్కు వాలకుండా తోకను సర్దే చక్రం, చేయించి ఆరు నెలలైంది. లేత్ మజూరీ 1,800, టేకు చెక్క, వడ్రంగి పని 600, బేరింగులు 240, కోఠి గుజరాతీ గల్లీలో కొన్న ఎన్‌కోడర్ (చక్రం ఎంత తిరిగిందో కొలిచే పరికరం) 850, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఆర్డుయినో బోర్డు 650, మొత్తం 4,140 రూపాయలు అయ్యింది. రెండుసార్లు వెనక్కి పట్టుకెళ్లి సరిచేయించాను. ఎనిమిది రోజులు అన్న పని ఐదు వారాలు పట్టింది. ఇంత జరిగినా, సిమ్యులేటర్ మొదలుపెట్టిన పిల్లలు ఏం కొనాలని అడిగితే పెద్ద మానిటర్ కంటే ముందు ఈ చక్రం చేయించుకోమంటున్నాను. జెట్ విమానాన్ని సమంగా నిలిపి నడపడం అంటే ఏమిటో నాకు దీని మీద చెయ్యి పెట్టాకే అర్థమైంది. అంతకుముందు రెండేళ్లు నేను విమానంతో కుస్తీ పట్టాను.

జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఇంట్లో కంప్యూటర్లో ఎక్స్-ప్లేన్ 12 సిమ్యులేటర్, అందులో బోయింగ్ 737-800 విమానం. జాయ్‌స్టిక్ మామూలుదే, మధ్యకు లాగే స్ప్రింగు ఉన్నది. ట్రిమ్ కోసం దాని మీద రెండు బటన్లు ఉన్నాయి. అసలు ఇబ్బంది అక్కడే. నిజం విమానంలో కంట్రోల్ కాలమ్‌ను (ముక్కును ఎత్తి దించే పిడిని) లాగి పట్టుకుని ట్రిమ్ తిప్పుతుంటే చేతిలో బరువు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చి ఒక చోట పూర్తిగా పోతుంది. చెయ్యే చెప్తుంది, చాలు అని. ఇంట్లో జాయ్‌స్టిక్ స్ప్రింగు అలా చెప్పదు. ట్రిమ్ ఎంత మారినా అది ఒకే బలంతో మధ్యకు లాగుతూ ఉంటుంది. కాబట్టి మనమే ట్రిమ్ తిప్పుతూ, అదే లెక్కన స్టిక్‌ను మెల్లగా మధ్యకు వదలాలి. ఈ రెండూ ఒక చేత్తో, బొటనవేలి కింద బటన్లతో చేయడం నాకు ఎప్పుడూ కుదరలేదు. ఒకసారి నొక్కితే తక్కువ, రెండుసార్లు నొక్కితే ఎక్కువ. రెండు చేతులకు రెండు పనులు ఇస్తే తప్ప లాభం లేదనిపించింది.

బోయింగ్ 737 కాక్‌పిట్ ఫోటో చూస్తే ఇద్దరు పైలట్ల మధ్య, ఇంజిన్ పవర్ ఇచ్చే థ్రాటిల్ లీవర్లకు అటొకటి ఇటొకటి రెండు పెద్ద నల్ల చక్రాలు నిలబెట్టి ఉంటాయి. అంచు మీద తెల్ల గీత. మడిచిపెట్టే చేతిపిడి కూడా ఉంటుంది. మామూలుగా పైలట్ కంట్రోల్ కాలమ్ పైనుండే యోక్ మీది స్విచ్‌తో ట్రిమ్ ఇస్తాడు, మోటారు తోకను కదిలిస్తుంది, ఈ చక్రాలు గడగడమంటూ తిరుగుతాయి. ఆటోపైలట్ ట్రిమ్ చేసినా తిరుగుతాయి. ఆ గీత తిరగడం కంటికి, ఆ చప్పుడు చెవికి తెలుస్తుంది. నాకు కావలసింది అలాంటి ఒక్క చక్రం.

షాపుకి కొలతలు గీసిన కాగితం పట్టుకెళ్లాను. షాపు నడిపే భాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “గిర్నీ చక్రమా సార్?” అన్నాడు.

విమానానిది అని చెప్పాను. విమానంలో చక్రం ఏం పని చేస్తుందని అడిగాడు. నాకు ఎడ్లబండి గుర్తొచ్చింది. మాది హాలియా దగ్గర ఊరు, సాగర్ ఎడమ కాలువ కింద వరి. నా చిన్నప్పుడు బండి మీద వడ్ల బస్తాలు వేసేటప్పుడు మా నాయన చివరి రెండు బస్తాలు వెంటనే వేసేవాడు కాదు. ముందుకొచ్చి నొగ కింద చెయ్యి పెట్టి కొంచెం ఎత్తి చూసేవాడు. “ముంగట బరువైంది, ఒకటి ఎనుకకు జరుపు” అనేవాడు మా అన్నతో. ముందు బరువు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడలను నొక్కేస్తుంది, సాయంత్రానికి మెడలు వాస్తాయి. వెనక ఎక్కువైతే కాలువ గట్టు ఎక్కేటప్పుడు కాడి పైకి లేచి మెడతాడు గొంతుకు పడుతుంది. సరిగ్గా సర్దితే నొగ ఒక చేత్తో తేలిగ్గా లేస్తుంది. ఎంత లేవాలో నాయన చేతికి తెలుసు. బండి ఎంత నిండిందన్నది ఆయన తర్వాత చూసుకునేవాడు.

విమానంలోనూ మొదటి సర్దుబాటు నేల మీదే జరుగుతుంది. ప్రయాణికులు ఏ వరుసల్లో కూర్చున్నారు, సామాను ముందు గదిలో ఎంత, వెనక గదిలో ఎంత, ఇంధనం ఎంత అన్నదాన్ని బట్టి బరువు కేంద్రం ఎక్కడ పడిందో లెక్కకట్టి లోడ్ షీట్ ఇస్తారు. దాన్ని బట్టి టేకాఫ్‌కి ట్రిమ్ పెడతారు. 737లో చక్రం పక్కన ఉండే గీతల్లో ఆకుపచ్చ పట్టీ ఉంటుంది, ముల్లు అందులో ఉండాలి. ఇక గాలిలోకి లేచాక బస్తాలు జరపలేం కదా. అక్కడ ఆ పని తోక చేస్తుంది. మామూలుగా రెక్కల లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) బరువు కేంద్రానికి కాస్త వెనక పనిచేస్తుంది కాబట్టి, వదిలేస్తే ముక్కు కిందికి వాలుతుంది. వాలకుండా తోక రెక్క వెనక భాగాన్ని కిందికి నొక్కి పట్టుకుంటుంది. ఎంత నొక్కాలన్నది వేగంతో మారుతుంది, రెక్కల వెనక దించే ఫ్లాప్‌లతో మారుతుంది, ఇంజిన్ పవర్‌తో మారుతుంది, ఇంధనం తరిగే కొద్దీ మారుతుంది. మారిన ప్రతిసారీ సర్దడమే ట్రిమ్.

(కొన్ని విమానాలు గాలిలో కూడా బస్తాలు జరుపుతాయి. కాంకార్డ్ ధ్వని వేగం దాటేటప్పుడు లిఫ్ట్ కేంద్రం వెనక్కి పోతుంది, అందుకని ఇంధనాన్ని వెనక ట్యాంకులోకి పంపు చేసేవారు. ఎయిర్‌బస్ ఏ330కి తోక రెక్కలోనే ఒక ట్యాంకు ఉంది. ఇది మా నాయనకు చెప్పి ఉంటే ఎంత సంతోషపడేవాడో.)

సాగర్ అవతల విజయపురి సౌత్ ఎయిర్‌స్ట్రిప్ వైపు కనిపించే చిన్న శిక్షణ విమానాల్లాంటి వాటిలో తోక రెక్క వెనక అంచున ఒక చిన్న పలక కదిలితే చాలు. జెట్‌లో తోక రెక్క మొత్తానికి మొత్తం కోణం మారుస్తుంది. దాన్ని కదిలించేది ఒక పొడవాటి స్క్రూ, దాని మీద ఒక నట్. ఈ మాట చెప్పగానే భాయ్ లేచి, గుడ్డ తీసుకుని తన లేత్ ముందు భాగంలో ఉన్న లీడ్ స్క్రూ తుడిచాడు. నూనె మడ్డి పోయి చదరపు పళ్ల థ్రెడ్ మెరిసింది. “గిదే కద సార్?” అన్నాడు. అదే. పని అదే, పళ్ల ఆకారం కూడా దాదాపు అదే.

అప్పుడు ఆయనకు అలాస్కా ఎయిర్‌లైన్స్ 261 సంగతి చెప్పాను. 2000 జనవరి 31న ఆ ఎండీ-83 జెట్ కాలిఫోర్నియా తీరం దగ్గర పసిఫిక్ సముద్రంలో పడిపోయింది. 88 మంది పోయారు. తోకను కదిలించే స్క్రూకి సరిగ్గా గ్రీసు అందక నట్ లోపలి థ్రెడ్ అరిగి, చివరికి పూర్తిగా ఊడిపోయింది. భాయ్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నట్ దేనిది సార్, ఇత్తడిదా?” అన్నాడు. అల్యూమినియం బ్రాంజ్ అన్నాను. “మరి స్క్రూ ఉంటది, నట్ పోతది. మేం కూడా గట్లనే పెడ్తం. అరిగితే నట్ అరగాలె. కానీ చూస్కోవాలె కద” అన్నాడు. పక్కనున్న గ్రీసు డబ్బా మూత తీసి, వేలితో తీసి, లీడ్ స్క్రూ పొడవునా రాశాడు. నేను ఆ పని ఆయనకే ఇవ్వాలని అక్కడే నిశ్చయించుకున్నాను.

ఇక వచ్చిన వస్తువు సంగతి. మొదటిసారి ఆయన పాత ఇనప ప్లేటు నుంచి 25 సెంటీమీటర్ల చక్రం తిప్పి ఇచ్చాడు. చూడటానికి చాలా బాగుంది, పట్టుకుంటే రెండున్నర కిలోలు. అదే తప్పైంది. బరువైన చక్రం కదా, చెయ్యి తీసేసినా ఇంకో పావు చుట్టు తనంతట తాను తిరుగుతుంది. నేను ఆపాలనుకున్న చోటు దాటి ట్రిమ్ పోతుంది, ముక్కు లేస్తుంది, మళ్లీ వెనక్కి తిప్పాలి. దాన్ని తీసేసి టేకు చెక్కతో చేయించాం. చక్రానికి పక్కగా చిన్న ఫెల్ట్ (మందపాటి ఉన్ని గుడ్డ) ముక్క ఆనేలా పెట్టాడు. ఇప్పుడు వేలు తీస్తే ఉన్న చోటే నిలుస్తుంది. ఫెల్ట్ ఆలోచన పూర్తిగా ఆయనదే.

రెండో లోపం కనిపెట్టడానికి నాకు పది రోజులు పట్టింది. ట్రిమ్ చేసిన విమానం కొంతసేపటికి మళ్లీ వాలుతోంది. నా పద్ధతే తప్పనుకున్నాను. చివరికి తెల్ల గీత ఎక్కడుందో పెన్సిల్‌తో గుర్తుపెట్టి చూస్తే చక్రం తిరుగుతోంది కానీ ఎన్‌కోడర్ షాఫ్ట్ ప్రతిసారీ తిరగడం లేదు. షాఫ్ట్‌ను బిగించి పట్టే చిన్న గ్రబ్ స్క్రూ గుండ్రటి షాఫ్ట్ మీద జారుతోంది. తీసుకెళితే భాయ్ వాదించలేదు, డబ్బు అడగలేదు. షాఫ్ట్ మీద ఆకురాయితో చిన్న ఫ్లాట్ (చదును) రాపి, దాని మీద స్క్రూ కూర్చోబెట్టాడు. ఐదు నిమిషాల పని. ఇది మొదటిరోజే చేసి ఉండాల్సింది అని ఆయనతో అన్నాను, ఆయన ఒప్పుకున్నాడు. మీరు చేయించుకుంటే ఈ సంగతి ముందే చెప్పండి.

ఆలస్యం గురించి కూడా రాయాలి. నేను ఇచ్చింది కోతల కాలం. హార్వెస్టర్ల సామాన్లు, రైస్ మిల్లుల షాఫ్టులు వరుసగా వస్తున్నాయి. వాటి ముందు నా చక్రం ఆగింది. కోతమిషన్ ఆగితే ఒక రైతు పంట వానకు తడుస్తుంది కాబట్టి ఆ వరుసను నేను తప్పుపట్టను. కానీ ఎనిమిది రోజులని చెప్పకుండా నెల అని చెప్పి ఉంటే నేను నాలుగుసార్లు బస్సెక్కే పని ఉండేది కాదు.

ఎన్‌కోడర్ ఒక చుట్టుకు 600 పల్స్‌లు (సిగ్నళ్లు) ఇస్తుంది. ప్రతి పల్స్‌కీ ట్రిమ్ కదిలితే చక్రాన్ని వేలెడు తిప్పినా విమానం ముక్కు ఆకాశానికి పోతుంది. నిజం చక్రాన్ని చేత్తో ఎన్నో చుట్లు తిప్పితే గానీ తోక కొంచెం కదలదు. ప్రోగ్రామ్‌లో ఆ నిష్పత్తి తగ్గించుకుంటూ వచ్చి, చేతికి నచ్చిన చోట ఆపాను. ఓపిక ఉంటే ఒక సాయంత్రం పని.

ఇప్పుడు అసలు పరీక్ష. పోయిన ఆదివారం పొద్దున శంషాబాద్ నుంచి లేచి దక్షిణానికి తిరిగాను. కల్వకుర్తి దాటుతుండగా 10,000 అడుగులు దగ్గరపడింది. 250 నాట్ల (నాట్ విమాన వేగానికి కొలత) దగ్గర సమంగా నిలపాలి. ముక్కు కొంచెం దించాను, పవర్ తగ్గించాను. 737 ఇంజిన్లు రెక్కల కింద వేలాడుతుంటాయి, అందుకని పవర్ పెంచితే ముక్కు లేస్తుంది, తగ్గిస్తే దిగుతుంది. ఆ దిగుడును ఎడమ చేత్తో స్టిక్ లాగి ఆపాను. ఇక్కడే ఇదివరకు నేను చేసే తప్పు. వెంటనే ట్రిమ్ మీద పడేవాడిని, వర్టికల్ స్పీడ్ ముల్లును (విమానం ఎంత వేగంగా ఎక్కుతోందో, దిగుతోందో చూపేది) వెంటాడేవాడిని. అది పైకి పోతే కిందికి, కిందికి పోతే పైకి. ఆ ముల్లు ఎప్పుడూ జరిగిపోయినదాన్ని చూపిస్తుంది.

ఇప్పుడు ముందు ముక్కును ఒక కోణంలో పట్టుకుంటాను. ఆ రోజు బరువుకి అది హొరైజన్ గీతకు (దిగంతాన్ని చూపే గీతకు) 4 డిగ్రీలు పైన కుదిరింది. సమంగా ఎగరడం అంటే ముక్కు గీత మీద ఉండడం అనుకుంటాం, అది తప్పు. జెట్ సమంగా పోతున్నప్పుడు కూడా ముక్కు కొంచెం ఎత్తే ఉంటుంది. పైన క్రూయిజ్‌లో కూడా రెండు, రెండున్నర డిగ్రీలు ఉంటుంది. విమానంలో ఫుడ్ ట్రాలీ తోసేవాళ్లకు ఈ వాలు బాగా తెలుసు. కోణం పట్టుకున్నాక ఏమీ చేయకుండా వేగం కోసం ఆగుతాను. 262, 258, 253. 250 దగ్గర ఆగి కదలకుండా ఉన్నాక కుడి చెయ్యి చక్రం మీదికి పోతుంది.

చక్రం వెనక్కి తిప్పుతూ ఎడమ చేత్తో స్టిక్‌ను అంతే నిదానంగా వదిలాను. తెల్ల గీత నా వైపుకు వచ్చి, కిందికి పోయి, మళ్లీ పైకి వచ్చింది. స్టిక్ మధ్యకు చేరింది, ముక్కు 4 దగ్గరే ఉంది. ఇంకో పావు చుట్టు. రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకున్నాను. కింద డిండి చెరువు మెల్లగా రెక్క కిందికి జారింది. రెండు నిమిషాలు. ఎత్తు 10,000 నుంచి 10,030కి పోయి, తిరిగి 9,990కి వచ్చి, అక్కడక్కడే తిరిగింది. నొగ ఒక చేత్తో లేవడం అంటే ఇదే కదా అనిపించింది.

ఈ చక్రం నేర్పిన అన్నిటికంటే పెద్ద పాఠం ఇది: ట్రిమ్ పట్టుకునేది వేగాన్ని. ఎత్తు దాని లెక్కలో లేదు. నేను క్లాసులో ఇంతకాలం తేలిగ్గా దాటేసిన విషయం. 250కి ట్రిమ్ చేసి, వేగం 265 ఉండగా చేతులు తీస్తే విమానం 250 వెతుక్కుంటూ పైకి ఎక్కుతుంది. ఎక్కితే వేగం తగ్గి, తగ్గితే మళ్లీ దిగుతుంది, దిగితే వేగం పెరుగుతుంది. అలా పెద్ద పెద్ద అలల్లా లేస్తూ పడుతూ పోతుంది. ఒక అల పూర్తవడానికి నిమిషం దాటవచ్చు. చేతులు తీసి గడియారం చూసుకుంటూ ఇది ఒకసారి చేసి చూడండి, చాలా అందంగా ఉంటుంది. అందుకే వేగం కుదిరే దాకా ట్రిమ్ ముట్టకూడదు. సమంగా పోవాలంటే ఆ వేగానికి సరిపడా పవర్ ఇవ్వాలి. ఆ తర్వాత 210 నాట్లకు తగ్గించాను, ముక్కు మరింత ఎత్తాల్సి వచ్చింది, చక్రం మళ్లీ నా వైపు చాలాసేపు తిరిగింది. వేగం మారిన ప్రతిసారీ ఈ పని ఉంటుంది.

ఎయిర్‌బస్ నడిపేవాళ్లకు ఈ చక్రం అక్కర్లేదు, డబ్బు పెట్టకండి. ఇండిగోలో ఎక్కువగా ఉండే ఏ320 కుటుంబంలో థ్రాటిల్ పక్కన చక్రం ఉన్నా, గాలిలో మామూలుగా కంప్యూటరే ట్రిమ్ చేసుకుంటుంది. సైడ్‌స్టిక్ వదిలేస్తే ఉన్న దారిలోనే పోతుంది. ఆ వ్యవస్థలు దెబ్బతిన్నప్పుడే పైలట్ చెయ్యి చక్రం మీదికి పోవాలి.

నా చక్రంలో లేనిది ఒకటి ఉంది, అది డబ్బుతో రాదు. గాలి బరువు. నా టేకు చక్రం ఏ వేగంలోనైనా ఒకేలా తిరుగుతుంది. నిజం విమానంలో అలా ఉండదు. 2018 అక్టోబరు 29న లయన్ ఎయిర్, 2019 మార్చి 10న ఇథియోపియన్, రెండు 737 మ్యాక్స్ విమానాలు కూలి 346 మంది పోయారు. గాలి కోణం కొలిచే ఒక్క సెన్సర్ తప్పు చూపించడంతో ఎంక్యాస్ అనే వ్యవస్థ తోకను పదే పదే ముక్కు దిగే వైపు తిప్పింది. ఇథియోపియన్ పైలట్లు కరెంటు ట్రిమ్ ఆపేసి చేత్తో తిప్పాలని చూశారు. అప్పటికే వేగం ఎక్కువైంది, తోక మీద గాలి ఒత్తిడికి చక్రం తిరగలేదు. ఈ సంగతి చదివిన రోజు నేను నా చక్రం ముందు కూర్చుని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు ఉన్నాను. ఇద్దరు మనుషులు ఇలాంటి చక్రాన్నే తిప్పలేకపోయారు. అప్పటినుంచి సిమ్యులేటర్లో కూడా చక్రం తనంతట తాను తిరిగితే మిగతా పని ఆపి అటు చూస్తాను.

చెక్క, బేరింగులు, గీత రంగు, అన్నీ ఇప్పటికీ బాగున్నాయి. ఫెల్ట్ ముక్క మాత్రం కొంచెం అరిగింది, రెండు నెలలకోసారి మార్చుకోవాలేమో. పని నాణ్యతకు, లోపం చెబితే విని సరిచేసే మంచితనానికి నేను పూర్తి మార్కులు ఇస్తాను. గడువుకు సగమే.

విమానం పక్కకు లాగకుండా సర్దే రడ్డర్ ట్రిమ్‌కి ఒక గుండ్రటి నాబ్ కావాలని మొన్న అడిగాను. భాయ్ ఈసారి ముందుగానే చెప్పాడు: “కోతలు అయినంక రండి సార్. షాఫ్ట్‌కి ఫ్లాట్ నేనే రాపి పెడ్తా.”